ముందే రాసిపెట్టిన వాక్యం

నర్సింగ్ పూర్తిచేసి కొత్తగా ఉద్యోగాల్లో చేరిన ఆడపిల్లలు ముగ్గురు ఈమధ్య మా ఇంటికి వచ్చారు. టీ తాగి, బిస్కెట్లు తిని, "మేడమ్, మీ సర్వీసులో మరచిపోలేని కేసు ఒకటి చెప్పండి" అన్నారు. వాళ్లకేం కావాలో నాకు తెలుసు. అంబులెన్సులో కాన్పు చేసిన సంగతో, బిడ్డ అడ్డం తిరిగితే గట్టెక్కించిన సంగతో చెప్పాలి. అలాంటివి చాలానే ఉన్నాయి. చెబితే ఆహా అంటారు, ఫోటో తీసుకుంటారు, వెళ్లిపోతారు. కానీ ఇప్పటికీ గుర్తొస్తే ఒళ్లు మండే కేసు ఒక్కటే ఉంది. అందులో నేను ఎవరి ప్రాణమూ కాపాడలేదు. అసలు ఆ కాన్పు రోజు నేను డ్యూటీలోనే లేను.

ఆ పిల్లలకు చెప్పింది సగమే. మిగతా సగం కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఆస్పత్రి ఎక్కడిదని అడగకండి. గిద్దలూరు నుంచి యర్రగొండపాలెం దాకా ఎక్కడైనా అనుకోండి. కాన్పు బల్లలు రెండే ఉండేవి. పుల్లలచెరువు అవతలి పల్లెల నుంచి, అడవి అంచు గూడేల నుంచి, హనుమంతునిపాడు మెట్టపొలాల ఊళ్ల నుంచి నొప్పులతో వచ్చేవాళ్లు. ఒకేసారి నలుగురు వస్తే ఇద్దరు బల్లల మీద, ఇద్దరు వరండాలో. స్టాఫ్ నర్సులం ఇద్దరం, ఆయా ఒకామె. నేను లేబర్ రూమ్ ఇన్‌చార్జి సిస్టర్ని. ఇదంతా మా తప్పుకు సాకు కాదు. మేము మాత్రం సాకుగానే వాడుకున్నాం.

కాన్పు గదిలో మా నోరు ఎలా ఉండేదో చెప్పాలంటే ఇప్పుడు సిగ్గేస్తోంది. నొప్పికి తాళలేక అరిచిన అమ్మాయిని, "మొగుడి దగ్గరికి పోయేటప్పుడు లేదే ఈ అరుపు" అనేవాళ్లం. ఇది ఎవరు మొదలుపెట్టారో తెలియదు. నేను చేరేటప్పటికే ఉంది, నేను కూడా అన్నాను. ముక్కమన్నప్పుడు ముక్కకపోతే తొడ మీద రెండు తగిలించడం ఉండేది. మా సీనియరు నాకు నేర్పింది, నేను నా జూనియర్లకు నేర్పాను. మందు ఎక్కించడం నేర్పినంత మామూలుగా నేర్పాను. గోడమీద 'గౌరవప్రదమైన ప్రసూతి సేవ' అని రంగుల బోర్డు వచ్చాక కూడా ఆ బోర్డు కిందే కొట్టాం. కాన్పయ్యాక ఆ తల్లే చేతులు పట్టుకుని "దేవతమ్మా నువ్వు" అనేది. దాంతో మా చెయ్యి మంచిదని మేమే నమ్మేశాం.

ఇక మా ఆదివారం పని గురించి చెప్పాలి. కథంతా దాని మీదే ఉంది.

ఒకసారి ఎవరో బంధువులు ఆస్పత్రి మీదికి గొడవకు వచ్చారు. అప్పటి పెద్ద డాక్టరు మమ్మల్ని నిలబెట్టి, "ప్రతి కేస్ షీట్‌లోనూ పేషెంటు సహకరించిందో లేదో రాయండి. రేపు ఏదైనా జరిగితే మనకు అదే అండ" అన్నాడు. సహకరించింది అని రాస్తే అండ ఏముంటుంది? కాబట్టి అందరికీ ఒకే వాక్యం రాయడం మొదలుపెట్టాం. 'కాన్పు సమయంలో పేషెంటు సహకరించలేదు. వెంట వచ్చినవారికి వివరించాము.' ఇంగ్లీషులో రాసేవాళ్లం. ఇంగ్లీషులో ఉంటే ఎవరూ అడగరు కదా.

కాన్పులు ఎక్కువైన రోజు ఇది రాయడానికి కూడా తీరిక ఉండదు. అందుకని నేనే ఒక తెలివైన ఉపాయం కనిపెట్టాను. ఆదివారం ఓపీ ఉండదు, మధ్యాహ్నం కాస్త ఖాళీ. ఖాళీ కేస్ షీట్లు ఒక కట్ట ముందేసుకుని, అడుగున ఆ వాక్యం వరసగా రాసిపెట్టేదాన్ని. నా దస్తూరి గుండ్రంగా ఉంటుందని పేరు. వారమంతా ఎవరు కాన్పు చేసినా పైన పేరు, తేదీ, టైము నింపుకుంటే చాలు. డిశ్చార్జి కాగితంలోకి కూడా ఆ వాక్యాన్నే దించేవాళ్లు. అందరూ మెచ్చుకున్నారు. నేను మురిసిపోయాను. ఇంకా నొప్పులు కూడా రాని ఆడవాళ్లు మా సొరుగులో అప్పటికే సహకరించడం మానేశారని నాకు తట్టనే లేదు.

ఆ అమ్మాయి పుల్లలచెరువు వైపు పల్లె నుంచి వచ్చింది. కంది, పత్తి వేసుకునే రైతు ఇంటి కోడలు. తొలికాన్పు. ఆ రోజు నేను గిద్దలూరులో మా చెల్లెలి గృహప్రవేశానికి వెళ్లాను. నా జూనియరు కాన్పు చేసింది. చేతిలో పని ఉన్న పిల్ల, భయం లేనిది. ఆ పూట అది మూడో కాన్పట. బిడ్డ భుజం దగ్గర ఆగిందట, లాగి తీశారట. ఆడపిల్ల. ఏడ్చింది, పాలు తాగింది, కానీ కుడిచెయ్యి ఎత్తలేదు.

మర్నాడు పొద్దున నేను డ్యూటీకి వచ్చి వార్డులో కుట్లు చూస్తున్నాను. ఆ అమ్మాయి చీర తొలగిస్తే ఎడమ తొడ మీద నాలుగు వేళ్ల అచ్చులు కమిలి కనబడ్డాయి. ఒకచోట కాదు, రెండుచోట్ల. నేను చూశాను. నేను చూసినట్టు ఆమె కూడా చూసింది. కుట్లు బాగున్నాయని రాసి పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయాను.

మూడు నెలల తర్వాత ఫిర్యాదు వచ్చింది. ఆ అమ్మాయి తండ్రి కూతుర్ని వెంటబెట్టుకుని మార్కాపురం వెళ్లి, ఉచితంగా కేసులు చూసే ఒక లాయరమ్మను కలిశాడట. ఆ లాయరు రాసిన కాగితం మా ఆస్పత్రికి, జిల్లాకు, ఇంకా ఎక్కడెక్కడికో వెళ్లింది. మా సూపరింటెండెంట్ తల పట్టుకున్నాడు. "అందరూ ఒకటే మాట చెప్పండి" అన్నాడు. ఆ ఒక్క మాట ఏమిటో ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది. షీట్‌లో ఉంది కదా.

విచారణ ఒక పగటిపూట సూపరింటెండెంట్ గదిలో జరిగింది. జిల్లా నుంచి ఒక అధికారి వచ్చాడు. ఎదురుగా ఆ అమ్మాయి ఒళ్లో బిడ్డను పెట్టుకుని కూర్చుంది. పక్కన తండ్రి, లాయరమ్మ. ఇటువైపు మా జూనియరు, డ్యూటీ డాక్టరు, ఆయా, నేను.

అధికారి దగ్గర ఒక ఫారం ఉంది. ఫిర్యాదు ఏ రకమో దాంట్లో టిక్కు పెట్టాలి. పెన్ను పట్టుకుని అడిగాడు.

"డబ్బులు అడిగారా అమ్మా?"

"లేదు సార్."

"డాక్టరు లేరా?"

"ఉన్నాడు సార్. కాన్పైనాక వచ్చినాడు."

"మందులు బయట కొనుక్కురమ్మన్నారా?"

"లేదు సార్. కొట్టినారు."

ఆయన ఫారం పైనుంచి కిందికి చూశాడు. మళ్లీ కింది నుంచి పైకి చూశాడు. "కొట్టడానికి గడి లేదే" అన్నాడు. ఆయన వెటకారంగా అనలేదు, పాపం, నిజంగానే వెతికాడు. చివరికి 'ఇతరములు' దగ్గర టిక్కు పెట్టాడు.

లాయరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. "బజార్లో ఒక ఆడమనిషిని కొడితే సెక్షను ఉంది సార్. ఇంట్లో మొగుడు కొడితే ఉంది. అదే మనిషిని కాన్పు బల్లమీద కొడితే మాత్రం వైద్యం అంటారు. కొన్ని దేశాల్లో దీనికి చట్టంలో ఒక పేరు పెట్టి నేరం అన్నారు. మనకు ఇంకా పేరు కూడా లేదు" అంది.

"పేరు లేనిదాన్ని నేనెక్కడ రాయనమ్మా?" అన్నాడు ఆయన. ఆ ఉక్కపోతలో మా సూపరింటెండెంట్ మొహం ఒక్కటే చల్లబడింది.

తర్వాత మా వంతు. జూనియరు కొట్టలేదంది. ఆయా చూడలేదంది. డాక్టరు షీట్ తీసి, "పేషెంటు సహకరించలేదు సార్, అక్కడే రాసి ఉంది. బిడ్డ చెయ్యికి కారణం అదే అయ్యుండొచ్చు" అన్నాడు. నన్ను అడిగారు. "ఆ రోజు నేను సెలవులో ఉన్నాను సార్. నాకేమీ తెలియదు" అన్నాను. నిజమే చెప్పాను. అంత హాయిగా నిజం చెప్పిన రోజు నా సర్వీసులో ఇంకొకటి లేదు. అప్పటికి నా రిటైర్మెంటుకు ఎనిమిది నెలలే ఉంది.

భోజనానికి లేచారు. నేను సైకిల్ స్టాండు పక్కనుంచి వస్తుంటే ఆ అమ్మాయి రేకుల నీడలో కూర్చుని బిడ్డకు పాలిస్తోంది. నన్ను చూసి పిలిచింది.

"సిస్టరమ్మా, ఒక్క మాట. ఈ కాగితంలో నేను సహకరించలేదని యాడ రాసినారో చూపిస్తావా?"

చేతిలో లాయరమ్మ తెప్పించిన కేస్ షీట్ జిరాక్సు ఉంది. మడతలు పడి, నలిగిపోయి ఉంది.

"నీకెందుకమ్మా అది, లాయరమ్మ చూస్తుంది కదా" అన్నాను.

"చూడాలమ్మా. మా ఊర్లో ఆర్‌ఎంపీ డాక్టరు ఆ డిశ్చార్జి కాగితం చదివి చెప్పినాడు. అప్పట్నుంచి మా అత్త దాన్ని పట్టుకొని ఇల్లిల్లు తిరుగుతా ఉంది. 'బిడ్డ చెయ్యి ఇదే చెడగొట్టింది, గవర్మెంటు కాగితంలోనే ఉంది' అని. ఎల్లుండి పెద్దమనుషుల్లో పెడతారంట. నన్ను, బిడ్డను మా నాయన ఇంటికి తోలేయాలని. కాగితంలో అట్ల రాసి ఉంటే నేనేం మాట్లాడేది?"

"నువ్వు ముక్కినావా?"

"చెప్పినప్పుడల్లా ముక్కినానమ్మా. ఊపిరి పీల్చుకుందామని ఒక్కసారి ఆగినాను. అంతే, కొట్టినారు." బిడ్డ నోరు కొంగుతో తుడిచింది. "కొట్టింది పోనీ. ఆ లైను ఒక్కటి తీసేస్తే చాలు."

వేలు పెట్టి చూపిద్దామని కాగితం తీసుకున్నాను. పైన పేరు, తేదీ, టైము జూనియరు గీతల్లో గజిబిజిగా ఉన్నాయి. అడుగున ఆ వాక్యం గుండ్రంగా, ముద్దుగా, పాఠశాలలో బహుమతి వచ్చే దస్తూరిలో ఉంది. నేను గిద్దలూరులో పాయసం వడ్డిస్తున్న రోజు, ఇక్కడ ఈ పిల్ల సహకరించలేదని నా చేతిరాత సాక్ష్యం చెప్పింది. గది నిండా చదువుకున్నవాళ్లు కూర్చున్నారు, లాయరుతో సహా ఒక్కరికీ ఈ తేడా కనబడలేదు. నేను నోరు మూసుకుంటే ఇంకెప్పటికీ కనబడదు.

నాకు ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలుసా? ఆ అమ్మాయి మీద. హాయిగా భోజనానికి పోతున్న దాన్ని ఎందుకు పిలిచింది అని. మనుషులం అలాగే ఉంటాం.

డ్యూటీ గదికి వెళ్లి సొరుగు లాగాను. మొన్న ఆదివారం రాసిన కట్ట అందులో ఉంది. జూనియరు అక్కడే టిఫిను బాక్సు తెరుచుకుని కూర్చుంది, అన్నం కలపలేదు.

"ఆ కట్ట ఎందుకు మేడమ్?" అంది.

"చూపించడానికి."

ఆమె బాక్సు మూత పెట్టేసింది. "అది రాసింది మీరు కదా. రెండు తగిలిస్తే గాని ముక్కరని నాకు నేర్పింది కూడా మీరే కదా. ఇప్పుడు మీరే నన్ను ముంచుతారా?"

"ముందు మునిగేది నేనేలే" అన్నాను.

"మీకేం, ఎనిమిది నెలల్లో ఇంటికి పోతారు. నేను ఇంకా ఇరవై ఏళ్లు చెయ్యాలి" అని ఏడ్చేసింది. ఆమె కొట్టింది నిజమే, కానీ కొట్టిన చెయ్యి సగం నాదే. తల నిమిరి ఓదార్చాలనిపించింది, చేతులు రాలేదు. కట్ట తీసుకుని వెళ్లిపోయాను.

మధ్యాహ్నం మళ్లీ కూర్చున్నాక ఆ కట్టను అధికారి ముందు పెట్టాను.

"ఏమిటివి?" అన్నాడు.

"కేస్ షీట్లు సార్."

పై కాగితం తీశాడు. రెండోది తీశాడు. "పేర్లు లేవేంటి?"

"ఇంకా రాలేదు సార్."

"ఎవరు?"

"ఈ వారం కాన్పుకు రావలసినవాళ్లు. అడుగున చూడండి. ఒక్కరు కూడా సహకరించలేదు."

ముందుగా ఆ అమ్మాయి తండ్రికి అర్థమైంది. "అంటే నా బిడ్డ రాకముందే రాసిపెట్టినారా?" అన్నాడు మెల్లగా. అవునన్నాను. ఆ షీట్ కూడా తీయించి, అడుగున ఉన్న చేతిరాత నాదని, ఆ తేదీన నేను సెలవులో ఉన్నానని, హాజరు పట్టీ చూసుకోమని చెప్పాను. సూపరింటెండెంట్ నావైపు చూసిన చూపుకు పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది.

లాయరమ్మ పట్టుబట్టి ఆ సాయంత్రమే పని జరిపించింది. కేస్ షీట్‌లోనూ, ఆస్పత్రిలో ఉన్న డిశ్చార్జి ప్రతిలోనూ ఆ వాక్యాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన సూపరింటెండెంట్ సంతకం, ముద్ర వేయించి, నకలు ఆ అమ్మాయి చేతిలో పెట్టింది.

అంతా బాగానే ఉంది. చివర్లో అధికారి అడిగాడు. "మరి కొట్టిన సంగతి మీకు తెలుసా?"

"కొట్టడం చూడలేదు సార్. మర్నాడు తొడమీద వేళ్ల గుర్తులు చూశాను."

"రికార్డులో రాశారా?"

"లేదు సార్."

"అయితే ఆధారం లేనట్టే కదా" అన్నాడు. ఈ ఒక్కచోట ఆయన్ని తిట్టడానికి నాకు నోరు లేదు. చూడనిదాన్ని కట్టలకొద్దీ రాశాను. కళ్లారా చూసిన ఒక్కదాన్ని రాయలేదు.

పెద్దమనుషుల పంచాయతీ జరిగిందట. తండ్రి ఆ ఎర్రగీత కాగితం అందరి ముందూ పెట్టి, అదే ఆర్‌ఎంపీ చేత చదివించాడట. అత్త మూతి ముడుచుకుందే గానీ ఇంకో మాట అనలేదట. అమ్మాయి అత్తింట్లోనే ఉంది. ఈ సంగతి ఆశా కార్యకర్త చెబితే నాకు తెలిసింది.

వారం తిరక్కుండానే నాకు చార్జి మెమో వచ్చింది. తప్పుడు రికార్డు సృష్టించినందుకు. దానికి రూలు ఉంది, నంబరు ఉంది, శిక్ష ఉంది, గడి కూడా ఉంది. చూశారా, కాగితానికి అన్యాయం జరిగితే సర్కారుకు ఎంత చురుకో! నేను కాదనలేదు, తప్పు చేశాను, సంతకం పెట్టి తీసుకున్నాను. కానీ కాగితాన్ని పాడుచేసినదానికి ఇన్ని రూళ్లుండి, మనిషి తొడ కమిలేలా కొట్టినదానికి ఒక్క మాట లేకపోవడం చూస్తే ఒళ్లు మండిపోయింది. జూనియరును వేరే ఆస్పత్రికి మార్చారు. పోయేముందు నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ మాట్లాడదు. ఆదివారం పని ఆగిపోయింది. ఇప్పుడు కాన్పు గదిలో పక్కన తల్లినో అక్కనో ఉండనిస్తున్నారట, సంతోషం. ఆ వచ్చిన అక్క నోరున్నదైతే ఇంకా సంతోషం.

విచారణ తుది నివేదిక వచ్చేటప్పటికి నేను రిటైరవడానికి నెల ఉంది. అదే వారం ఆ అమ్మాయి బిడ్డ చెయ్యి చూపించడానికి ఆస్పత్రికి వచ్చింది. బిడ్డ బొద్దుగా ఉంది. కుడిచేత్తో బిస్కెట్ పట్టుకుంది గానీ నోటిదాకా ఎత్తలేక ఎడంచేతిలోకి మార్చుకుంది. నేను నివేదిక నకలు తెచ్చి ఆమెకు ఇచ్చాను. చాలా పేజీలుంది. ఆమె తిరగేసి మళ్లీ నాకే ఇచ్చింది.

"ఇందులో నన్ను కొట్టినట్టు ఏ పేజీలో ఉందమ్మా?"

నా తప్పు గురించి రెండు పేజీలు నిండా ఉంది. బిడ్డ చెయ్యికి కారణం తేల్చలేమని ఒక పేరా ఉంది. ఆమె అడిగినదానికి మాత్రం 'ఇతరములు: ఆధారాలు లేవు' అని ఒక్క వరస. అదే చదివి చెప్పాను.

"ఏ పేజీలోనూ లేదమ్మా" అన్నాను.

ఆమె నన్నే ఓదార్చింది. "పోనీలే సిస్టరమ్మా. ఆ పొద్దు నువ్వు డ్యూటీలో ఉండుంటే నన్ను కొట్టేదానివి కాదు."

తల ఊపి ఊరుకుంటే సరిపోయేది. మంచిదాన్నని పేరుతో రిటైరయ్యేదాన్ని. కానీ ఆ ఎర్రగీత కొట్టించుకున్నాక ఇంకో అబద్ధం నోటికి రాలేదు.

"కొట్టేదాన్నేనమ్మా" అన్నాను. "చాలామందిని కొట్టాను."

బిడ్డను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుని నన్ను చాలాసేపు చూసింది.

"అయితే ఆ మాటన్నా యాడన్నా రాయమ్మా" అంది. బస్సు టైమైందని వెళ్లిపోయింది.